ఆంత్వాన్ ఫెవ్ర్: రసవాదం చేసినవారా, రసవాదాన్ని చదివినవారా?

సందేహి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. యూరప్ రసవాద చరిత్ర చదవడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. ఏ పుస్తకం తెరిచినా పేజీ అడుగున చిన్న అక్షరాలలో ఆంత్వాన్ ఫెవ్ర్ అన్న ఫ్రెంచి పండితుడి పేరు తగులుతూనే ఉండడంతో, చివరికి 1994లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆయన వ్యాస సంపుటాన్నే తెప్పించుకున్నాను. కొలిమి గురించో, మూస గురించో, పాదరసాన్నీ గంధకాన్నీ ఏ పాళ్లలో కలిపేవారన్న దాని గురించో ఏదైనా ఉంటుందని ఆశపడ్డాను. అందులో ఉన్నది వేరు. ఏ గ్రంథం ఎప్పుడు వెలువడింది, ఎవరి ఆలోచన ఎవరి చేతికి ఎలా చేరింది అన్న చరిత్ర, దానికి ముందు ‘గూఢవిద్య అని దేనిని పిలవాలి’ అన్న సుదీర్ఘమైన నిర్వచన చర్చ.

పుస్తకం బాగాలేదని నేను అనడం లేదు. ఈ పండితుడు ఎటువైపు నిలబడి రాస్తున్నారో మాత్రం అంతుపట్టడం లేదు. ఒకచోట దస్తావేజులు సరిచూసే గుమాస్తాలా రాస్తారు, మరొకచోట ఆ పాతకాలపు రచయితల మీద మమకారం దాచుకోలేకపోతారు. అంతర్జాలంలో వెతికితే ఆయన ఫ్రీమేసన్ (రహస్య ఆచారాలు గల ఒక సోదర సంఘంలో సభ్యుడు) అనీ, కాబట్టి రహస్యాలు తెలిసిన గురువు అనీ కొందరు. అదేం కాదు, పారిస్‌లోని సోర్బన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన తటస్థ చరిత్రకారుడు అని మరికొందరు. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా పొసుగుతాయి? ఆయన జీవితం తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరా? ఆయన పేరు చెప్పగానే అందరూ ఎత్తే ఆ ‘ఆరు లక్షణాల’ సంగతి కూడా తెలిస్తే చెప్పండి.

పాతకాగితం సమాధానం:

సందేహి గారూ, మీరు విన్న రెండు కథలలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. రెంటినీ కాలక్రమంలో పెట్టి చూడకపోవడం వల్లనే ఈ చిక్కు.

ఫెవ్ర్ 1934 జూన్ 5న ఈశాన్య ఫ్రాన్స్‌లోని రెన్స్ నగరంలో పుట్టి, 2021 డిసెంబరులో మరణించారు. చదువు రీత్యా ఆయన జర్మన్ భాషా సాహిత్యాల మనిషి. రువాన్ విశ్వవిద్యాలయంలో ఆ శాఖలోనే ఆచార్యులుగా పనిచేశారు. ఆయన పనిలో కీలకం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ ప్రాంతాలలో రసవాద పరిభాష కొలిమి గదిని దాటి మతచింతనలోకీ, ప్రకృతి తత్త్వంలోకీ, ఆపైన రొమాంటిక్ కవిత్వంలోకీ పాకింది. ఆ రచయితలను చదవాలంటే నాటి జర్మన్ భాష మీద పట్టు ఉండాలి, వారిని పిచ్చివాళ్ల కింద కొట్టిపారేయని ఓపిక కూడా ఉండాలి. ఈ రెండూ ఉన్న ఫ్రెంచి పండితులు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది.

మొదటి పుస్తకం 1962లో వచ్చింది, అదీ రక్తపిశాచాల మీద! ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు సరదాకు రాసింది అనుకోవచ్చు కానీ, జనం నమ్మే విషయాన్ని నమ్మకుండానే, ఎగతాళి కూడా చేయకుండా చరిత్రగా చదవడం అన్న అలవాటు అప్పటికే ఆయనకు ఉందని దాన్ని బట్టి తెలుస్తుంది. తరువాత 1966లో బెర్న్ నగరపు ప్రభువంశీకుడు కిర్ష్‌బెర్గర్ మీద, 1969లో బవేరియా రచయిత ఎకార్ట్స్‌హౌజెన్ మీద పెద్ద గ్రంథాలు వచ్చాయి. కిర్ష్‌బెర్గర్ ఉదంతం నాకు మరీ ఇష్టం. 1792 నుంచి 1797 దాకా ఆయనకూ, ఫ్రాన్స్‌లోని తత్త్వవేత్త లూయీ క్లోద్ ద సెన్ మార్తెన్‌కూ మధ్య ఉత్తరాలు నడిచాయి. ఆ సంవత్సరాలు గమనించండి: పారిస్‌లో రాజు తల తెగింది, భయానక పాలన వచ్చింది, పోయింది, ఈ ఇద్దరూ మాత్రం యాకబ్ బోమె అనే పాతకాలపు జర్మన్ చెప్పులవాడు రాసిన వాక్యాలకు అర్థం ఏమిటని ఒకరినొకరు అడుగుతూ కూర్చున్నారు. ఇటువంటి ఉత్తరాలలోనే ఫెవ్ర్‌కు తన విషయం దొరికింది.

ఇక సోర్బన్ సంగతి. ఖచ్చితంగా చెప్పాలంటే ఆయన పనిచేసినది సోర్బన్ భవనంలో చోటున్న మరొక సంస్థలో, అంటే 1868లో ఏర్పడిన ఉన్నత అధ్యయనాల పాఠశాలలో. దీని ఐదవ విభాగం మతశాస్త్రాలది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలోని కాథలిక్ మతవిద్యా శాఖలు 1885లో రద్దయిన మరుసటి ఏడాదే అది పుట్టింది. మతాన్ని బోధించడం కాక, మతాన్ని అధ్యయనం చేయడం దాని పని. ఆ విభాగంలో 1960ల నడుమ ‘క్రైస్తవ గూఢవిద్యా చరిత్ర’ అన్న పేరుతో ఒక ఆచార్య పీఠం ఏర్పాటు చేసి, క్రైస్తవ కబ్బాలా (యూదుల మార్మిక విద్యను క్రైస్తవులు తమదిగా మలచుకున్న ధార) మీద అసామాన్యమైన పాండిత్యం గల ఫ్రాన్స్వా సెక్రే గారిని కూర్చోబెట్టారు. 1979లో ఆ స్థానంలోకి ఫెవ్ర్ వచ్చారు. వస్తూనే పీఠం పేరు ‘ఆధునిక, సమకాలీన యూరప్‌లో గూఢవిద్యా, మార్మిక ధారల చరిత్ర’గా మారింది. ‘క్రైస్తవ’ అన్న విశేషణం పోయింది, ‘ధారలు’ అన్న బహువచనం వచ్చింది. పేరుమార్పే కదా అని తీసిపారేయకండి. తరతరాలుగా చెక్కుచెదరకుండా వస్తున్న ఒకే సత్యం అని కాక, కాలాన్ని బట్టి పుట్టి, కలిసి, విడిపోయే అనేక ప్రవాహాలు అని చెప్పడం అది. 2002 దాకా అక్కడ ఉన్నారు. తరువాత జాన్ పియేర్ బ్రాక్ వచ్చారు.

రెండో కథ కూడా నిజమే. ఆయన ఫ్రీమేసన్. 1974లో ఇరాన్ తత్త్వ పండితుడు ఆన్రీ కోర్బెన్ ‘జెరూసలేం సెంట్ జాన్ విశ్వవిద్యాలయం’ అన్న పేరుతో ఏర్పరచిన పండిత మండలిలో ఆయనా ఒకరు. అక్కడ చేరినవారు ఆధ్యాత్మిక జ్ఞానాన్ని బయటి నుంచి కొలవడానికి వచ్చినవారు కారు, దాన్ని తిరిగి నిలబెట్టాలని వచ్చినవారు. ఆ కాలంలో ఫెవ్ర్ రాసినవాటిలో ఆ పోకడ స్పష్టంగా ఉంటుంది. 1980ల చివరికి, 1990ల తొలినాళ్లకు వచ్చేసరికి ఆయన స్వరం మారింది. నమ్మేవాడి మాట వేరు, చరిత్రకారుడి మాట వేరు అన్న గీత తానే గీసుకుని, ఆ తరువాత దాన్ని దాటలేదు. మీ చేతిలో ఉన్న సంపుటానికి ఆధారమైన ఫ్రెంచి పుస్తకం 1986 నాటిది, ఇంగ్లీషు రూపం 1994 నాటిది. అంటే ఆ మలుపుకు ఇటూ అటూ ఉన్న సంవత్సరాలు ఒకే అట్టల మధ్య ఉన్నాయి. ఒక పేజీ వెచ్చగా, ఒక పేజీ చల్లగా మీకు తోచడంలో మీ పొరపాటు ఏమీ లేదు.

నిదానం సమాధానం:

పాతకాగితం గారు జీవితం చెప్పేశారు కనుక నేను ఆరు లక్షణాలకే పరిమితమవుతాను. 1992లో పారిస్‌లోని ‘క సే జ్’ చిన్న పుస్తకాల వరుసలో ఫెవ్ర్ రాసిన సంపుటంతో ఇవి ప్రచారంలోకి వచ్చాయి. గూఢవిద్య అంటే దాచిపెట్టిన రహస్యాల మూట కాదనీ, అది ఒక రకమైన ఆలోచనా రూపమనీ ఆయన వాదన. ఏదైనా ఒక రచనలో నాలుగు లక్షణాలు కలిసి కనబడితే అది ఆ కోవలోనిదే అంటారు. విశ్వంలోని వస్తువుల మధ్య, అంటే గ్రహానికీ లోహానికీ, లోహానికీ శరీర భాగానికీ మధ్య, కంటికి కనబడని పొంతనలు ఉన్నాయనడం మొదటిది. ప్రకృతి జడం కాదు, ప్రాణమున్నదీ చదువుకోదగినదీ అనడం రెండవది. ఆ పొంతనలను పట్టుకోవడానికి భావనాశక్తీ, చిహ్నాలూ, దేవదూతల వంటి మధ్యవర్తులూ తోడ్పడతాయనడం మూడవది. ఇందులో కోర్బెన్ ప్రభావం కొట్టొచ్చినట్లు కనబడుతుంది. పరివర్తన నాలుగవది. వివిధ సంప్రదాయాల మధ్య ఏకవాక్యతను చూపాలనే తపన, గురువు నుంచి శిష్యునికి క్రమంగా అందాలనే నియమం అన్న మరి రెండు లక్షణాలు తరచుగా తోడుంటాయి కానీ, ఉండి తీరాలని లేదు.

మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది ఆ నాలుగవదే. దానికి ఫెవ్ర్ కావాలనే రసవాదుల మాటను ఎంచుకున్నారు. రూపం మారడం ఒకటి, ఉన్న పదార్థమే మరొకటి కావడం ఒకటి. ఆయన చెప్పేది రెండవదాని గురించి. మూసలోని ద్రవ్యం మొదట నల్లబడుతుంది, అంటే పాత పదార్థం చావాలి. తరువాత తెల్లబడుతుంది, చివరికి ఎర్రబడి పరుసవేది అవుతుంది. ఈ మూడు రంగులనూ ఫెవ్ర్ మార్మిక సాధకుల మూడు దశల పక్కన, అంటే ప్రక్షాళన, ప్రకాశం, ఐక్యం అన్నవాటి పక్కన పెట్టి చూపిస్తారు. మారేది సీసమా, సాధకుడా అని అడిగితే, ఆ గ్రంథకర్తలలో చాలామందికి ఆ రెండు ప్రశ్నలూ ఒకటే అన్నది ఆయన జవాబు. కొలిమి కోసం వెతికిన మీకు కొలిమి దొరకకపోవడానికి కారణం ఇదే. ఆయన దృష్టి కొలిమి ముందు కూర్చున్న మనిషి ఏమనుకుంటున్నాడన్న దాని మీద ఉంది.

అయితే ఈ ఆరు లక్షణాలను వేదవాక్యంగా తీసుకోవద్దని నా మనవి. ఫెవ్ర్ ముందుగా ఒక గ్రంథ సముదాయాన్ని ఎంచుకున్నారు: 1463లో మార్సిలియో ఫిచీనో ఫ్లారెన్స్‌లో లాటిన్‌లోకి తెచ్చిన, హెర్మెస్ అనే పురాణ జ్ఞాని పేరిట ఉన్న గ్రంథాలు, క్రైస్తవ కబ్బాలా, పదహారో శతాబ్దపు వైద్యుడు పారాసెల్సస్, రోజిక్రూషియన్లు అనే రహస్య సోదర సంఘం పేరిట 1614లో మొదలైన కరపత్రాలు, బోమె, జర్మన్ ప్రకృతి తత్త్వం. వీటిలో సమానంగా ఉన్నవి ఏరి లక్షణాలుగా చెప్పారు. ఆ లక్షణాలు లేనివి గూఢవిద్య కావన్నారు. అంటే తాను గీసిన గుండ్రటి గీతలోనే తిరిగినట్లు కదా? యూదు, ఇస్లాం రచనలూ, ప్రాచీన గ్రీకు రసవాదులూ ఈ చట్రంలో సరిగా ఇమడరు. ఇరవయ్యో శతాబ్దపు ఉద్యమాలు అసలే ఇమడవు. ఆయన తరువాతి తరంలో ఈ శాస్త్రానికి పెద్ద దిక్కైన వౌటర్ హనెగ్రాఫ్, కోకు ఫన్ స్టుక్రాడ్ వంటివారు ఈ లోపాలను బాహాటంగానే ఎత్తిచూపారు. చెప్పవలసిన మంచిమాట ఏమిటంటే, ఫెవ్ర్ వారి మీద కినుక వహించలేదు. 2005లో వెలువడిన పెద్ద నిఘంటువుకు హనెగ్రాఫ్‌తో కలిసి సంపాదకత్వం వహించారు.

సందేహి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పుస్తకం రెండు కాలాలదని తెలియగానే చాలా పేజీలు వాటంతట అవే సర్దుకున్నాయి. ఇంకొక్క సందేహం. రసవాద చరిత్రకారుడు అనగానే ఫ్రాన్స్‌లో అందరూ ముందు బెర్తెలో పేరు చెబుతారు. ఆయన తరువాత ఫెవ్ర్ కొత్తగా చేసినది ఏమిటి? పైగా కాన్స్‌లియే అని మరొకరి పేరు కూడా వింటున్నాను.

లోలకం సమాధానం:

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఫెవ్ర్ స్థానం తేలికగా అర్థమవుతుంది.

మార్సెలెన్ బెర్తెలో (1827–1907) వృత్తిరీత్యా రసాయన శాస్త్రవేత్త, అందునా అగ్రశ్రేణివారు. మంత్రిపదవులు కూడా చేశారు. 1885లో రసవాదం పుట్టుక మీద పుస్తకం రాసి, తరువాత 1887–88లో గ్రీకు పండితుడు రుయెల్‌తో కలిసి ప్రాచీన గ్రీకు రసవాదుల మూలపాఠాలను ఫ్రెంచి అనువాదంతో అచ్చువేయించారు. వెనిస్‌లోని పాత చర్మపత్ర ప్రతి ఆ పనికి ప్రధాన ఆధారాలలో ఒకటి. ఈజిప్టులోని తీబ్స్‌లో దొరికి నెదర్లాండ్స్‌లోని లైడెన్ చేరిన పపైరస్‌ను ఆయన చదివిన తీరు ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. అందులో దాదాపు వంద తయారీ విధానాలు ఉన్నాయి. రాగికి వెండి రంగు తేవడం ఎలా, ఉన్న బంగారాన్ని వేరే లోహంతో కలిపి ఎక్కువ చేయడం ఎలా అన్నవే ఎక్కువ. మంత్రం లేదు, తత్త్వం లేదు. కంసాలి చిట్టాపుస్తకం అనిపిస్తుంది. దీన్ని పట్టుకుని బెర్తెలో, నకిలీ బంగారం చేసే పనితనమే కాలక్రమంలో అసలు బంగారం చేయగలమన్న నమ్మకంగా మారిందని వాదించారు. మన ప్రఫుల్ల చంద్ర రాయ్ గారు హిందూ రసాయన శాస్త్ర చరిత్ర (తొలి సంపుటం 1902) రాయడానికి ప్రోత్సాహం బెర్తెలోతో నడిచిన ఉత్తరాలే. కానీ బెర్తెలో కళ్లకు రసవాదంలో విలువైనది రసాయన శాస్త్రంగా ఎదిగిన భాగమే, మిగిలినది పొట్టు.

యూజెన్ కాన్స్‌లియే (1899–1982) దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. ఆయన చరిత్రకారుడు కాడు, స్వయంగా కొలిమి వెలిగించిన రసవాది. 1926లో ఫుల్కనెల్లి అన్న మారుపేరుతో మూడు వందల ప్రతులుగా వచ్చిన, గోతిక్ చర్చిల శిల్పాలలో రసవాద రహస్యాలు ఉన్నాయని చెప్పే పుస్తకానికి ముందుమాట రాసింది ఆయనే. ఆ మారుపేరు వెనుక ఎవరున్నారన్నది నేటికీ తేలలేదు, దాని మీద జరిగిన ఊహాగానాలతో ఒక గ్రంథాలయం నింపవచ్చు. కాన్స్‌లియేకు పొట్టు అంటూ ఏదీ లేదు, అంతా గింజే.

ఫెవ్ర్ ఇది పొట్టు, ఇది గింజ అనడమే మానుకున్నారు. ఆయన 1990లో ప్రచురించిన చిన్న గ్రంథం దీనికి మంచి తార్కాణం. విషయం గ్రీకు పురాణంలోని బంగారు ఉన్ని, అంటే జేసన్ ఓడ వేసుకుని వెళ్లి తెచ్చిన పొట్టేలు తోలు. పదో శతాబ్దంలో బైజాంటియంలో కూర్చిన ‘సూదా’ అనే నిఘంటువులో ఒక వింత వాక్యం ఉంది: ఆ తోలు నిజానికి తోలు కాదట, బంగారం చేసే విధానం చర్మాల మీద రాసి ఉన్న పుస్తకమట! బెర్తెలో వంటివారికి ఇది రసవాదం ఎంత పాతదో తేల్చడానికి పనికొచ్చే సాక్ష్యం. రసవాదికి ఇది తన విద్యకు దొరికిన ప్రమాణం. ఫెవ్ర్ ఈ రెండింటి జోలికీ పోకుండా, ఈ ఒక్క ఆలోచన చేతులు మారిన దారి వెంట నడిచారు. బుర్గుండీ ప్రభువు ఫిలిప్ 1430లో బ్రూజ్‌లో బంగారు ఉన్ని పేరుతో వీరుల సంఘం పెట్టాడు. తరువాతి రసవాదులకు ఆ పేరే ఊతమైంది. 1614లో మికాయెల్ మైయర్ గ్రీకు, ఈజిప్టు పురాణాలన్నీ రసవాద సంకేతాలేనన్నాడు. 1758లో పెర్నెతీ అనే బెనెడిక్టైన్ సన్యాసి అదే పనిని రెండు సంపుటాలకు పెంచాడు. జేసన్ తెచ్చినది నిజంగా పుస్తకమా అన్నది ఫెవ్ర్‌కు అక్కర లేదు. అది పుస్తకమని ఇంతమంది ఇన్ని శతాబ్దాలు ఎందుకు నమ్మాలనుకున్నారన్నదే ఆయన ప్రశ్న. వ్యక్తిగతంగా నాకు ఆరు లక్షణాల కంటే ఈ చిన్న పుస్తకమే పదింతలు విలువైనదిగా తోస్తుంది. లక్షణాలు పాతబడ్డాయి, ఇది పాతబడలేదు.

అక్షరం సమాధానం:

రెండు మాటలు చేర్చవలసి ఉంది. ఫెవ్ర్ రచనలలో ‘థియాసఫీ’ అన్న మాట అడుగడుగునా వస్తుంది. తెలుగువారికి ఆ మాట వినగానే దివ్యజ్ఞాన సమాజమూ, బ్లావట్స్కీ గుర్తుకు రావడం సహజం. ఆ సమాజం 1875లో న్యూయార్క్‌లో పుట్టింది. ఫెవ్ర్ చెప్పేది ముఖ్యంగా దానికి రెండున్నర శతాబ్దాల ముందటి క్రైస్తవ ధార, అంటే 1624లో మరణించిన బోమె నుంచి సెన్ మార్తెన్ మీదుగా జర్మన్ తత్త్వవేత్త ఫ్రాంజ్ ఫన్ బాడర్ దాకా వచ్చినది. ఈ తేడా పట్టుకోకపోతే ఎకార్ట్స్‌హౌజెన్ గురించిన అధ్యాయం తలకిందులుగా అర్థమవుతుంది. నేను మొదటిసారి చదివినప్పుడు సరిగ్గా అలాగే అయింది, సగం పుస్తకం అయ్యాక గానీ తెలియలేదు.

రెండవది, ఫ్రెంచి చదవగలిగితే నిదానం గారు చెప్పిన 1992 నాటి చిన్న పుస్తకంతో మొదలుపెట్టండి; నూట ఇరవై పైచిలుకు పేజీలే. దాన్ని తీసుకునేటప్పుడు రచయిత పేరు చూసి తీసుకోండి. అదే వరుసలో, అదే ‘గూఢవిద్య’ అన్న పేరుతో, 1963లో లూక్ బెన్వా రాసిన పుస్తకం ఒకటి ఉంది, పాత పుస్తకాల అంగళ్లలో అదే ఎక్కువగా తగులుతుంది. బెన్వా, రెనే గెనోన్ బోధనలను అనుసరించినవారు. అన్ని మతాల అడుగునా ఉన్నది ఒకే అనాది సత్యమని నమ్మి రాశారు. ప్రచురణకర్తలు దాని స్థానంలో ఫెవ్ర్ చేత కొత్తది రాయించారు. రెండూ దొరికితే మాత్రం రెండూ కొనండి. తొలి అధ్యాయాలను పక్కపక్కన పెట్టుకుని చదివితే, మీరు మొదట అడిగిన ‘ఎటువైపు నిలబడి’ అన్న ప్రశ్నకు మా అందరి సమాధానాల కంటే అవే బాగా జవాబిస్తాయి.